తొలి తప్పునకు దండన: మద్యపానము, వాహనచోదనము, శాసనము

1872వ సంవత్సరమున బ్రిటిషు పార్లమెంటు మద్యవిక్రయముల లైసెన్సులను గూర్చి యొక శాసనము చేసి, అందు 12వ సెక్షనున, రాజమార్గముననో ప్రజలు సంచరించు మరియొక తావుననో బండిని గాని, గుఱ్ఱమును గాని, పశువులను గాని, ఆవిరియంత్రమును గాని తన యధీనమున నుంచుకొని త్రాగి మత్తుడై యుండువాడును, మందుగుండు దట్టించిన తుపాకిని చేతబట్టి మత్తుడై యుండువాడును 40 షిల్లింగులకు మించని జరిమానాకో, న్యాయస్థానమునకు యుక్తమని తోచినచో నొక నెలకు మించని కారాగారవాసమునకో పాత్రుడగునని విధించెను. పశువులను, ఆవిరియంత్రమును, తుపాకిని ఒక్క వాక్యమున బంధించిన యీ శాసనము నేటి చదువరికి వింతగా తోచవచ్చును గాని, దాని యంతరార్థము గంభీరమైనది. ఇతరులకు చేటు కలిగింపగల బలమును తన వశమున నుంచుకొన్నవాడు ఆ బలమును అదుపుచేయు బుద్ధిని మాత్రము మద్యమునకు వశము చేసినచో, ఎవనికిని ఇంకను దెబ్బ తగులకున్నను, ఏ వస్తువును విరుగకున్నను, వాడు అప్పటికే అపరాధి యని ఆ శాసనము నిర్ణయించినది. హాని జరిగిన పిదప దండించుట అన్ని దేశముల ధర్మశాస్త్రములును ఎఱిగినదే. హానికి పూర్వమే, ముప్పు పొంచియున్న క్షణముననే మనుష్యుని నిలిపి దండించుట వేఱొక మార్గము. నేడు మన దేశమున త్రాగి వాహనము నడుపుచు మొదటిసారి పట్టుబడినవానికి విధించు శిక్షకు మూలకందము ఈ రెండవ మార్గమున నున్నది.

ఆ శాసనము వచ్చిన పాతికేండ్లకు, 1897 సెప్టెంబరు 10న, లండను నగరమున విద్యుచ్ఛక్తితో నడచు అద్దెబండిని నడుపు జార్జి స్మిత్ అనువాడు న్యూ బాండ్ వీథిలో ఒక భవనమునకు తన బండిని గ్రుద్ది, తాను త్రాగియున్నట్లు న్యాయస్థానమున నంగీకరించి జరిమానా చెల్లించెను. యంత్రవాహనమును మత్తులో నడిపి శిక్ష పొందినవారిలో మొదటివాడుగా చరిత్రకారులు వానిని పేర్కొందురు. అతనికి వర్తించిన విధి గుఱ్ఱపుబండివానికి వర్తించిన విధియే. గుఱ్ఱము లేని బండి కొఱకు ప్రత్యేకశాసనము పుట్టుటకు ఇంకను చాల కాలము పట్టినది.

మన దేశమున 1860 నాటి భారతశిక్షాస్మృతి ఈ విషయమును రెండు వేఱువేఱు తావుల నుంచెను. బహిరంగస్థలమున త్రాగి దుష్ప్రవర్తన చూపువానికి 510వ సెక్షను 24 గంటలకు మించని సాధారణకారాగారవాసమును గాని, 10 రూపాయలకు మించని జరిమానాను గాని, రెండింటిని గాని విధించెను. రాజమార్గమున నితరుల ప్రాణమునకు ముప్పు వాటిల్లునట్లు దుడుకుగానో అజాగ్రత్తగానో వాహనమును నడుపువానికి 279వ సెక్షను 6 నెలల వఱకు కారాగారమును గాని, 1,000 రూపాయల వఱకు జరిమానాను గాని విధించెను. మొదటిది త్రాగుడును చూచెను గాని తోలుటను చూడలేదు. రెండవది తోలుటను చూచెను గాని త్రాగుడును చూడలేదు. త్రాగియు అల్లరి చేయక, దుడుకుతనము ఇంకను బయటపడక, పగ్గములు పట్టి కూర్చున్నవాడు ఈ రెంటి నడుమనున్న సందులోనుండి తప్పించుకొనిపోవుచుండెను.

ఆ సందు అంతకాలము పూడకపోవుటకు కారణము లేకపోలేదు. మన పల్లెలలో సంతకు పోయిన బండివాడు అమ్మకము ముగించుకొని, కల్లుపాకలో ప్రొద్దుపుచ్చి, చీకటి పడిన తరువాత బండి తొట్టిలో ఒరిగి నిద్రించినను, ఎద్దులు తామెఱిగిన బాటను తాము పట్టి, గుంటను తప్పించుకొని, ఎదురువచ్చు బండికి ప్రక్కకు తొలగి, తెల్లవాఱకమునుపే వానిని గడప చేర్చుచుండెడివి. తోలువానికి తెలివి తప్పినను బండికి తెలివి తప్పలేదు. యంత్రము వచ్చుటతో ఈ రెండవ తెలివి లోకమునుండి తొలగిపోయినది. మోటారునకు బాట తెలియదు, ఇల్లు తెలియదు, ఎదుట నిలిచినది రాయియో బిడ్డయో తెలియదు. దానికున్న తెలివియంతయు చక్రమును పట్టినవానిదే. ఈ భేదమును గుర్తింపకుండ ప్రాచీనులు బండిని గూర్చి చేసిన ధర్మములను చదివినచో వానికి అన్యాయము చేసినవారమగుదుము.

ఆ ధర్మములు సామాన్యములు కావు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున బండివలన కలుగు నష్టమును గూర్చిన విచారణ కలదు. ముకుత్రాడు తెగినను, కాడి విరిగినను, ఇరుసు గాని చక్రము గాని భగ్నమైనను, తోలువాడు తొలగుడని బిగ్గఱగా కేక వేసినను దండనము లేదని, ఇట్టివి పది సందర్భములను ఆ స్మృతి మినహాయించెను. అటుపిమ్మట చెప్పిన మాట మఱింత సూక్ష్మమైనది. తోలువాని యసామర్థ్యమువలన బండి త్రోవ తప్పి హాని చేసినచో బండి యజమానునకు 200 పణములు దండుగ; తోలువాడు సమర్థుడైయుండి తప్పు చేసినచో దండుగ వానిదే; వాడు అసమర్థుడని యెఱిగియు బండిలో కూర్చున్నవారికి తలకు 100 పణములు దండుగ. చేతకానివాని చేతికి పగ్గములిచ్చిన యజమానుడును, వాని బండి నెక్కినవాడును దోషమున భాగస్థులే యను నీ విచారము ఎంత దూరదృష్టి కలదియో, త్రాగిన స్నేహితుడు నడుపు కారులో నవ్వుచు కూర్చుండి ప్రయాణించు వారిని చూచినప్పుడు నాకు బోధపడుచుండును. కాని ఆ శ్లోకములలో మద్యము ప్రసక్తి లేదు. మద్యమును గూర్చిన జాగ్రత్త కౌటిల్యుని యర్థశాస్త్రమున సురాధ్యక్ష ప్రకరణమున వేఱుగా నున్నది. పనివాండ్రు తమ పనులను చెఱతురనియు, మర్యాదస్థులు మర్యాద దాటుదురనియు, సాహసికులు సాహసకృత్యములకు తెగింతురనియు భయపడి మద్యమును విచ్చలవిడిగా గ్రామము వెలుపలికి పోనీయరాదని ఆయన శాసించెను. బండిని గూర్చిన ధర్మమును మద్యమును గూర్చిన ధర్మమును ఇట్లు మన పూర్వులకు తెలిసియే యున్నవి. ఆ రెండింటిని ఒక్కచోట ముడివేయవలసిన యావశ్యకమును మాత్రము మోటారు తెచ్చిపెట్టినది.

ఆ ముడి మొదట ఇంగ్లండునందే గట్టిగా బిగిసెను. 1925 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టము యంత్రవాహనమును అధీనమున నుంచుకొని మత్తుడైయున్నవానికి 4 నెలల వఱకు కారాగారమును, 50 పౌనుల వఱకు జరిమానాను విధింపవచ్చునని చెప్పెను. 1930 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టము నిర్వచనమును మార్చి, మద్యము యొక్క గాని మత్తుమందు యొక్క గాని ప్రభావముచేత వాహనమును సరిగా అదుపుచేయజాలని స్థితిలో నుండుటయే నేరమని తెలిపి, శిక్ష పడినవానికి విశేషకారణములున్ననే తప్ప 12 నెలలు వాహనము నడుపు నర్హత లేకుండ జేసెను. శిక్షలలోనెల్ల ఈ యనర్హతయే నా దృష్టికి మిక్కిలి వివేకవంతమైనది. జరిమానా డబ్బును తీసికొనును, కారాగారము కాలమును తీసికొనును. అనర్హత ముప్పునకు సాధనమైన చక్రమునే చేతినుండి తొలగించును. తొంబది యేండ్లు దాటిన తరువాతకూడ ఆ దేశమున తొలి తప్పునకు కనీసము 12 నెలల అనర్హత చెక్కుచెదరక నిలిచియుండుట దాని బలమునకు నిదర్శనము.

కాని అదుపుచేయజాలని స్థితి యనగా నేమి? దానిని నిరూపించుట యెట్లు? ఇక్కడనే చట్టము నలుబది యేండ్ల పాటు తడబడెను. పట్టుబడినవానిని పోలీసుస్టేషనునకు తెచ్చి వైద్యుని పిలిపించుచుండిరి. వైద్యుడు వాని ఊపిరి వాసన చూచును, కనుపాపలను పరీక్షించును, నేలపై సుద్దతో గీచిన గీతమీద నడువుమనును, నాలుక తిరుగని మాటలను పలుకుమనును, వ్రేలితో ముక్కుకొనను తాకుమనును. పలుకుటలో సహజముగా తొట్రుపాటు గలవాడు పట్టుబడుటయు, త్రాగుటకు మిక్కిలి అలవాటుపడి నిలువున తూలకుండ నిలువగలవాడు తప్పించుకొనుటయు ఈ పద్ధతిలో తఱచుగా జరుగుచుండెను. తీఱా కేసు జ్యూరీ యెదుటికి వచ్చినచో జ్యూరీ సభ్యులలో పలువురు తామును కారులు నడుపువారే, తామును విందులకు పోవువారే యగుటచే, నిందితుని స్థానమున తమ్ము తాము ఊహించుకొని విడిచిపెట్టుచుండిరి. వాని యందు వారికి జాలి కలిగినది. రోడ్డు దాటుచు చచ్చినవాడు ఆ గదిలో లేడు గనుక వాని పక్షమున జాలిపడువారు లేకపోయిరి.

మన దేశపు 1939 నాటి మోటారు వాహనముల చట్టము ఈ యాంగ్లేయ నిర్వచనమునే స్వీకరించెను. మద్యప్రభావముచేత వాహనముపై సరియైన అదుపు చూపజాలనివాడు 117వ సెక్షను క్రింద దండ్యుడు. మొదటి తప్పునకు ఒక శిక్ష, అట్టి తప్పే మూడేండ్లలోపల మరల చేసినచో అంతకు కఠినమైన శిక్ష. తప్పు చేసినవానికి తన్ను తాను దిద్దుకొను నవకాశ మొకటి యుండవలెనని, మూడేండ్లు శుద్ధముగా గడిపినవాని పాతతప్పును మఱచిపోవలెనని ఆ విభజనయందలి దయ. నేరస్థుని యెడ ఆ దయ నాకు తప్పుగా తోచదు; మానవుడు మారగలడను విశ్వాసము లేని దండనీతి బోనులు కట్టుటకే గాని బ్రతుకులు దిద్దుటకు పనికిరాదు.

అదే కాలమున మన తెలుగునాట వేఱొక ప్రయోగము జరుగుచుండెను. 1937 అక్టోబరు 1న మద్రాసులోని రాజగోపాలాచార్యుల మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించి, మఱుసటి యేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతయు, దానితో కోస్తా, రాయలసీమలును మద్యనిషేధప్రాంతములైనవి. త్రాగుటయే నేరమైన చోట త్రాగి నడుపుట యను నేరమునకు వేఱుగా కొలతలు వెదుకవలసిన యవసరము శాసనకర్తలకు కనబడలేదు. త్రాగినవాడు స్టీరింగు ముందున్నను, అరుగుమీదనున్నను దొంగయే. దీనివలన నొక నష్టము కలిగెనని నా యభిప్రాయము. మద్యము మంచిదా చెడ్డదా యను మహావివాదము క్రింద, త్రాగినవాడు రోడ్డెక్కుట యను ప్రత్యేకమైన ప్రమాదము కనుమఱుగై, దానిని గూర్చిన విచారణ దశాబ్దముల పాటు వెనుకబడినది. ఆ మహావివాదము ఎంత బలమైనదో తెలుపుటకు ఒక్క సంగతి చాలును. ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరున ఒక్క వోటు తేడాతో కూలిపోయినది ఈ మద్యనిషేధసమస్య మీదనే.

1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడినప్పుడు విచిత్రమైన పరిస్థితి తలయెత్తినది. ఆంధ్రప్రాంతమున నిషేధము, నిజాము రాజ్యముగా నుండిన తెలంగాణమున కల్లు, సారాలు బహిరంగముగా అమ్ముడుపోవుచు ఖజానాకు ఆబ్కారీ ఆదాయము తెచ్చిపెట్టుచుండెను. అందుచేతనే ఉభయప్రాంతముల నాయకులు చేసికొన్న పెద్దమనుష్యుల యొప్పందమున తెలంగాణమునందలి మద్యనిషేధము అచ్చటి శాసనసభ్యుల నిర్ణయము ప్రకారము జరుగవలెనని యొక షరతు చేర్చిరి. హైదరాబాదునుండి బెజవాడకు సరకు తోలు లారీడ్రైవరునకు అప్పట్లో ఒకే రాష్ట్రమున రెండు ధర్మములు. సరిహద్దు జిల్లాకు ఈవలి దుకాణములో న్యాయముగా త్రాగినది ఆవల నేరమగును. అయినను ఈ రెండు ధర్మములలో దేనికిని వాని కాలి క్రింది యాక్సిలరేటరుతో నిమిత్తము లేదు. ప్రమాదము మాత్రము సరిహద్దునకు రెండువైపుల నొక్కటియే.

సమస్యకు కొలబద్ద యూరోపు ఉత్తరదేశములనుండి లభించినది. స్వీడను దేశపు లుండ్ విశ్వవిద్యాలయమున ఎరిక్ విడ్మార్క్ అను శాస్త్రజ్ఞుడు 1922లో కొలది రక్తపుబొట్లనుండి అందలి మద్యపరిమాణమును కనుగొను విధానమును ప్రకటించెను. 1936లో నార్వే, రక్తమున వేయింట అర్ధభాగము మద్యమున్నచో వాడు తూలినను తూలకున్నను, స్పష్టముగా మాటలాడినను ఆడకున్నను, నేరస్థుడే యని ప్రపంచమున మొదటిసారిగా అంకెను శాసనమున వ్రాసెను. తొలిసారి పట్టుబడినవారిని సైతము చెఱసాలకు పంపుట అచ్చట చిరకాలము సామాన్యాచారముగా నుండెను. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రము 1910లోనే త్రాగి నడుపుటను నిషేధించినను, అచ్చటను నిరూపణయే చిక్కు. ఇండియానా విశ్వవిద్యాలయాచార్యుడు రోలా హార్గర్ 1930ల దశాబ్దమున బెలూనులోనికి ఊదించి ఊపిరిలోని మద్యమును రసాయనపదార్థపు రంగు మారుటచే గుర్తించు యంత్రమును నిర్మించెను. 1954లో రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ అట్టి పరీక్షను పోలీసులు సులభముగా వాడుకొనగల పరికరముగా మలచెను. మనుష్యుని నడకను, పలుకును, కులీనతను, పరపతిని చూడక ఊపిరిని మాత్రమే చూచు సాక్షి యిట్లు న్యాయస్థానమునకు దొరకినది.

ఇంగ్లండు 1967లో ఈ సాక్షిని పిలిచెను. అప్పటి రవాణాశాఖ మంత్రిణి బార్బరా కాసిల్ స్వయముగా కారు నడుపనేరదు. ఆ సంగతినే పట్టుకొని ఆమెను ఆక్షేపించిరి, మద్యశాలల యజమానులు తమ జీవనము చెడినదని మొఱపెట్టిరి, బెదిరింపు లేఖలును ఆమెకు వచ్చెను. ఆమె వెనుదీయలేదు. 100 మిల్లీలీటర్ల రక్తమున 80 మిల్లీగ్రాములు మద్యమునకు పరిమితి. పోలీసు చేతిలోని గాజుగొట్టములో ఊదినపుడు పసుపుపచ్చని స్ఫటికములు ఆకుపచ్చగా మారినచో స్టేషనుకు రావలసినదే. ఊదుటకు నిరాకరించుటయు నేరమే. తొలి తప్పైనను 12 నెలల అనర్హత తప్పదు. 1967 అక్టోబరు 9న ఈ చట్టము అమలులోనికి వచ్చెను. మొదటి యేడాదిలో రోడ్డు మరణములు 1,152 తగ్గినవనియు, మద్యముతో సంబంధమున్న ప్రమాదముల పాలు నూటికి 25 నుండి 15కు దిగినదనియు ప్రభుత్వలెక్కలు తెలిపినవి. నలుబది షిల్లింగులతో మొదలైన శాసనచరిత్రలో ఇంతటి ఫలమును చూపిన సంవత్సరము మఱియొకటి నాకు కనబడదు.

ఆ ఫలము నిలువకపోవుటయు చరిత్రమే. అమెరికను సామాజికశాస్త్రజ్ఞుడు లారెన్స్ రాస్ ఆ లెక్కలను పరిశీలించి, చట్టము నిజముగానే ప్రాణములను కాపాడినదని యొప్పుకొనుచు, కాలక్రమమున దాని ప్రభావము క్షీణించినదని చూపెను. శిక్ష తగ్గినందున గాదు. ప్రతి మలుపునను పోలీసువాడు నిలిచియుండునని మొదట భయపడిన జనులు, అట్లు నిలిచియుండడని యనుభవమున తెలిసికొనుటచేత. నార్వే, స్వీడనుల కారాగారశిక్షలే జనులను దారికి తెచ్చినవను ప్రసిద్ధిని సైతము ఆయన లెక్కలతో పరీక్షించి సంశయించెను. శిక్ష యొక్క పరిమాణముకంటె పట్టుబడుట యొక్క నిశ్చయమే మనుష్యుని నిలుపునని ఆయన పరిశోధనల సారము. దండమును పెంచుట శాసనసభలో ఒక దినపు పని. రాత్రి పదిగంటల తరువాత వానలోను, చలిలోను, పండుగనాడును రోడ్డుపై యంత్రముతో నిలుచుట ఏడాది పొడుగునను సాగవలసిన పని. మొదటి దానికి పత్రికలలో శీర్షికలు లభించును. రెండవదానికి మనుష్యులు, జీతములు, పరికరములు కావలెను. ఏ దేశమునందైనను ప్రభుత్వములు మొదటిదానినే మొదట చేయుటకు హేతువు ఇదియే.

మన దేశమున 1939 చట్టమునకు బదులుగా వచ్చిన 1988 నాటి మోటారు వాహనముల చట్టము 1989 జూలై 1న అమలైనది. దాని 185వ సెక్షను మొదట వెలువడినప్పుడు రక్తమున మద్యము ఎంత స్వల్పముగా నున్నను నేరమే యని ప్రకటించెను. ఆదర్శముగా అది ఘనమైనదే. కాని అమలునకు లొంగలేదు. 1994లో సవరించి, బ్రెత్ అనలైజరు పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములు మించుటను హద్దుగా నిర్ణయించిరి. బ్రిటిషువారి 80కంటె ఇది ఎంతో కఠినమైన హద్దు. తొలి తప్పునకు 6 నెలల వఱకు కారాగారమును గాని, 2,000 రూపాయల వఱకు జరిమానాను గాని, రెండును గాని; మూడేండ్లలోపల మరల చేసినచో 2 ఏండ్ల వఱకు కారాగారమును గాని, 3,000 రూపాయల వఱకు జరిమానాను గాని, రెండును గాని విధింపవచ్చునని సెక్షను చెప్పెను. వారంటు లేకుండ పట్టుకొను నధికారము పోలీసులకిచ్చుచు, పట్టుకొన్న రెండు గంటలలోపల వైద్యపరీక్ష జరిపింపనిచో విడిచిపెట్టవలెనని 202వ సెక్షను పౌరునకు రక్షణ కల్పించెను. ఒకప్పుడు వైద్యుని యనుమానముపై నిలిచిన కేసు ఇప్పుడు గడియారము మీదను, అంకె మీదను నిలిచినది.

2019 సెప్టెంబరు 1 నుండి అమలైన సవరణ తొలి తప్పునకు జరిమానాను ఒక్కసారిగా 10,000 రూపాయలకు పెంచెను. మఱుసటి తప్పునకు 15,000 రూపాయలు. కారాగారకాలము మారలేదు. హైదరాబాదు మహానగరమున ఇప్పుడు డ్రంక్ అండ్ డ్రైవ్ అని జనులు పిలుచుకొను తనిఖీలు చదువురాని వానికిని తెలిసిన సంగతి. పట్టుబడినవాని బండిని నిలిపివేసి, యంత్రపు చీటీని చేతికిచ్చి, గోషామహలులోని ట్రాఫిక్ శిక్షణాసంస్థకు కుటుంబసభ్యులతో కూడ కౌన్సెలింగునకు రప్పించి, అటుపిమ్మట మేజిస్ట్రేటు ముందు నిలుపుట ఆచారమైనది. కుటుంబమును పిలుచుట చట్టములో వ్రాయబడిన శిక్ష కాదు. కాని జరిమానాను దాచుకొని చెల్లించినవాడు భార్యయెదుట, తండ్రియెదుట కూర్చుండి చచ్చినవారి చిత్రములను చూడవలసివచ్చుట డబ్బునకు లొంగని దండన. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురుతిరిగిన ఆడువారు, త్రాగినవాడు ఒంటరివాడు కాడని, వాని వెనుక ఇల్లొకటి యున్నదని ప్రభుత్వమునకు బోధించిరి. గోషామహలు బెంచీలమీద కుటుంబములను కూర్చుండబెట్టుటలో ఆ బోధ కొంతయైనను మిగిలియున్నదని నేను నమ్ముచున్నాను.

ఇక 10,000 రూపాయల విషయము. కిరాయి ఆటో నడుపుకొని దినదినమును బ్రతుకువానికి ఆ మొత్తము ఇంటి యద్దె, పిల్లల ఫీజు, నెల బియ్యము. కోటి రూపాయల కారులో హోటలునుండి బయలుదేఱినవానికి అది ఆ రాత్రి విందు ఖర్చులో నొక భాగము. ఒకే అంకె ఒకనిని కూల్చి, మఱియొకనిని తాకనైన తాకకపోవుట సమానత్వము కాదు. 1921లో ఫిన్లండు, 1931లో స్వీడను ఈ యన్యాయమును గుర్తించి, జరిమానాను దోషి దినాదాయమును బట్టి లెక్కగట్టు దినదండుగ పద్ధతిని నెలకొల్పినవి. ఆ దేశములు చేయగలిగినది ఆదాయపు లెక్కలు అస్తవ్యస్తముగా నున్న మన దేశమున వెంటనే సాధ్యము కాకపోవచ్చును. అందుచేతనే మన చట్టమున జరిమానాకంటె లైసెన్సుమీద చేయువేటు ముఖ్యము కావలెనని నేను గట్టిగా కోరుచున్నాను. సుప్రీంకోర్టు రోడ్డు భద్రతపై నియమించిన జస్టిస్ కె. ఎస్. రాధాకృష్ణన్ సంఘము 2015లో, త్రాగి నడిపినవారి లైసెన్సులను 3 నెలలకు తక్కువ కాకుండ నిలిపివేయుడని రాష్ట్రములను ఆదేశించినది. ఆటోవాడును కోటీశ్వరుడును కూడ తమ రెండు చేతులను చక్రమునుండి తీసివేయవలసివచ్చు శిక్ష అదియొక్కటే. అందును ఆటోవానికి జీవనము పోవును, కోటీశ్వరునకు డ్రైవరు దొరకును, నిజమే. ఐనను ఆ కోటీశ్వరుడు ఆ మూడు నెలలు రోడ్డుమీద ఎవనికిని మృత్యువు కాజాలడు.

కడలి దాటిన మన పిల్లలకు ఈ తొలి తప్పు మఱియొక విధముగా శిక్షయగుచున్నది. అమెరికాలో చదువులకో ఉద్యోగములకో పోయిన తెలుగు యువకులలో, త్రాగి నడుపుచు పట్టుబడుట అక్కడి జరిమానాతో ముగియు చిన్న చిక్కని తలచువారు ఉన్నారు. 2000లో ఆ దేశపు ఫెడరలు శాసనము రక్తమద్యపరిమితిని నూటికి 0.08 భాగముగా నిర్ణయింపుమని రాష్ట్రములను ఒత్తిడిచేసి 2004 నాటికి అన్నిటిని దారికి తెచ్చెను. అంతకంటె మనవారికి ముఖ్యమైనది 2015లో వచ్చిన మార్పు: ఇట్టి నేరమున అరెస్టయినంత మాత్రముననే, న్యాయస్థానము దోషియని తేల్చుటకు పూర్వమే, విదేశీయుని వీసాను ఆ దేశపు విదేశాంగశాఖ రద్దుచేయగలదు. ఒక రాత్రి మూడు గ్లాసులతో అయిదేండ్ల చదువును, తలిదండ్రులు పొలము తాకట్టుపెట్టి తెచ్చిన ఋణమును పణముగా నొడ్డుచున్నామని విమానమెక్కునప్పుడే వారికి ఎవరైన చెప్పవలెను.

చివరకు తొలి తప్పు అని నిర్ణయించుటకు ఆధారమైన జ్ఞాపకమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. 1939 చట్టమునుండి 2019 వఱకు మన శాసనము మూడేండ్ల గడువును పాటించినది. 2017లో పట్టుబడి 2021లో మరల పట్టుబడినవాడు పూర్వపు లెక్కలో రెండుసార్లును తొలి దోషియే. 2019 సవరణ ఆ గడువును తొలగించెను; ఇప్పుడు రెండవ తప్పు ఎన్నేండ్ల తరువాతనైనను రెండవ తప్పే. పైన నేను మెచ్చుకొన్న ఆ దయ కొంత తగ్గినదన్నమాట నిజమే గాని, ప్రాణములు ఇన్ని పోవుచున్నప్పుడు దీనిని నేను ఆక్షేపింపను. ఆక్షేపింపవలసినది వేఱొకటి. లైసెన్సు కాగితపుటట్టగా నున్న రోజులలో కర్నూలులో శిక్ష పొందినవాడు ఖమ్మమున పట్టుబడినచో అచ్చటి కోర్టునకు వాని గతము తెలియుటకు మార్గమే లేదు. జిల్లా జిల్లాకును వాడు క్రొత్తవాడు. ఇప్పుడు లైసెన్సుల వివరములు సారథి యను జాతీయ కంప్యూటరు పట్టికలో నున్నవి. మేజిస్ట్రేటు ఇచ్చిన ప్రతి తీర్పును ఆ పట్టికలో ఆ దినముననే ఎక్కించి, నిందితుడు ఏ రాష్ట్రమున నిలిచినను అచ్చటి న్యాయాధికారి తీర్పునకు ముందు దానిని తెరచి చూచునట్లు ఏర్పాటు చేయుట క్రొత్త శాసనము అక్కఱలేని పని; ఒక ఉత్తరువు, ఒక గుమాస్తా, ఒక తీగ చాలును.